ప్రెస్ నోట్ పొలానికి చేరేదాకా: వ్యవసాయ విశ్వవిద్యాలయంలో నా అనుభవం

పత్రిక డెస్క్‌లో కొన్నేళ్లు సబ్ ఎడిటర్‌గా పనిచేశాక ఒక వ్యవసాయ విశ్వవిద్యాలయం సమాచార విభాగంలో కాంట్రాక్టు మీద చేరాను. అక్కడ ఏం చేస్తుందని చుట్టాలు అడిగితే మా ఇంట్లోవాళ్లు "వీసీ గారి ఫొటోలు పేపర్లో వేయిస్తుంది" అనేవాళ్లు. ఆ పనీ ఉంది. స్నాతకోత్సవం, వ్యవస్థాపక దినోత్సవం, కిసాన్ మేళా, అవగాహన ఒప్పందాలు, వీటన్నిటి వార్తలూ పేపర్లకు పంపాల్సిందే. నేను ఇక్కడ చెప్పాలనుకున్నది మాత్రం వేరే. 2021 చలికాలంలో మిర్చి మీద నల్ల తామర పురుగు పడ్డప్పుడు ఒక ప్రెస్ నోట్ శాస్త్రవేత్త బల్ల మీద నుంచి రైతు దాకా ఎలా వెళ్లిందో, దారిలో ఎక్కడెక్కడ ఆగిందో చెబుతాను. విశ్వవిద్యాలయాల్లో ఈ పనిలో ఉన్నవాళ్లకీ, ఈ వైపు రావాలనుకునే జర్నలిజం పిల్లలకీ ఉపయోగపడుతుందని నా నమ్మకం.

ముందు ఒక్క సంగతి. మన వ్యవసాయ విశ్వవిద్యాలయాలు మామూలు యూనివర్సిటీల్లా పుట్టలేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1964లో వ్యవసాయ విశ్వవిద్యాలయం పెట్టినప్పుడు అమెరికాలోని కాన్సాస్ స్టేట్ యూనివర్సిటీ సాయం చేసింది. చదువు చెప్పడం, పరిశోధన చేయడం, ఆ పరిశోధనను రైతుకు చేర్చడం, ఈ మూడూ విశ్వవిద్యాలయం బాధ్యతలే అన్నది అక్కడి పద్ధతి. 2014లో రాష్ట్రం విడిపోయాక రెండు రాష్ట్రాల్లోనూ అదే పద్ధతి కొనసాగింది. జిల్లాల్లో రైతులకు సలహాలిచ్చే ఏరువాక కేంద్రాలు, కృషి విజ్ఞాన కేంద్రాలు ఉన్నది ఆ మూడో బాధ్యత కోసమే. కాబట్టి ఇక్కడ వార్త రాయడమంటే సంస్థకు పేరు తేవడం మాత్రమే కాదు. అది విశ్వవిద్యాలయం చేయాల్సిన అసలు పనిలో భాగం. చేరినప్పుడు నాకిది ఎవరూ చెప్పలేదు, పని చేస్తుంటే అర్థమైంది.

మా ఆఫీసులో రోజు పేపర్లతో మొదలయ్యేది. మెయిన్ ఎడిషన్లు, జిల్లా పేజీలు తిరగేసి, మా విశ్వవిద్యాలయం పేరు కనిపించిన ప్రతి వార్తనూ కత్తిరించి, స్కాన్ చేసి, ఆఫీసు టైముకల్లా పెద్దల గ్రూపులో పెట్టాలి. క్లిప్పింగ్స్ ఫైలు అంటారు. మా వార్త ఎక్కడ ఎన్ని కాలమ్స్ వచ్చింది, ఫొటో పడిందా లేదా అన్నదే అందరూ చూసేది. డెస్క్ మీద పనిచేసి వచ్చినదాన్ని కనుక నా కన్ను వేరే వార్తల మీద కూడా పడేది. మండలాల నుంచి కంట్రిబ్యూటర్లు రాసే సింగిల్ కాలమ్ వార్తలు ఉంటాయి చూడండి, "కందిలో కాయతొలుచు పురుగు", "వరికి అగ్గితెగులు, రైతుల ఆందోళన" అని. వాటిలో మా పేరు ఉండదు. కానీ ఏ పొలంలో ఏం జరుగుతోందో అందరికంటే ముందు తెలిసేది ఆ కుర్రాళ్లకే. అందుకని ఫైలు చివర "పొలం కబుర్లు" అని ఒక పేజీ కలిపి, దాన్ని విడిగా సస్యరక్షణ శాస్త్రవేత్తలకు కూడా పంపడం మొదలుపెట్టాను. ఎవరూ అడగలేదు, ఎవరూ వద్దనలేదు.

ఆ పేజీలోనే మిర్చి కనిపించింది. మొదట ఒక మండలం నుంచి, తరువాత పక్క జిల్లా నుంచి, ఆ తరువాత కృష్ణకు ఇటూ అటూ అన్ని వైపుల నుంచీ. "మిర్చి పూతను తినేస్తున్న వింత పురుగు." "ఎన్ని మందులు కొట్టినా చావని పురుగు." మిర్చి రైతుకు తామర పురుగు కొత్తేమీ కాదు. ఆకు పైకి ముడుచుకుంటే పై ముడత, అది తామర పురుగు పని. కిందికి ముడుచుకుంటే కింది ముడత, అది నల్లి. ఈ లెక్క పల్నాడు నుంచి మానుకోట (మహబూబాబాద్) దాకా మిర్చి వేసే ప్రతి ఇంట్లోనూ తెలుసు. ఈసారి పురుగు ఆకుల మీద కాదు, పువ్వుల్లో ఉంది. నల్లగా, మిల్లీమీటరుకు అటూ ఇటూ. పూత రాలిపోతోంది, నిలిచిన కాయ వంకర పోతోంది.

మా కీటక శాస్త్రవేత్త ఒకాయన ఆ పేజీ చూసి నేరుగా మా గదికి వచ్చారు. "ఈ ఊళ్ల పేర్లు ఎక్కడివి మేడం? విలేకరి నంబర్ ఉందా?" అని అడిగారు. నేను ఇచ్చిన నంబర్లు పట్టుకుని ఆయన పొలాలకు బయల్దేరితే ఫొటోల కోసం నేనూ వెంట వెళ్లాను.

రెండు రాష్ట్రాల సరిహద్దుకు దగ్గర్లో ఒక ఊరు. కౌలు పొలం. భార్యాభర్తలిద్దరూ చేలోనే ఉన్నారు. సార్ ఒక పువ్వు తుంచి నా నోట్‌బుక్ తెల్లకాగితం మీద దులిపారు. నల్లటి నలుసులు కదిలాయి. ఇంకో పువ్వు దులిపితే ఇంకా ఎక్కువ పడ్డాయి. గట్టు మీద ఖాళీ డబ్బాలు గుట్టగా ఉన్నాయి, రకరకాల కంపెనీలవి. రెండు మూడు మందులు ఒకే ట్యాంకులో కలిపి కొడుతున్నామని ఆ రైతే చెప్పాడు. దుకాణంలో అలాగే చెప్పారట. ఎకరాకు పెట్టుబడి అప్పటికే లక్ష దాటింది, కౌలు కాకుండా.

"మందు పేరు చెప్పండి సార్, మిగతాది మాకెందుకు?" అన్నాడు.

సార్ వెంటనే జవాబు చెప్పలేకపోయారు. తిరుగు ప్రయాణంలో దాని కారణం నాకు వివరించారు. 1968 నాటి క్రిమిసంహారక మందుల చట్టం ప్రకారం ఏ మందైనా ఫలానా పంటలో ఫలానా పురుగుకు అని రిజిస్టర్ అవుతుంది, డబ్బా లేబుల్ మీద అదే ఉంటుంది. విశ్వవిద్యాలయం సిఫారసు చేయాలంటే ప్రయోగాలు జరగాలి, దానికి సీజన్లు పడుతుంది. ఈ పురుగు పేరు త్రిప్స్ పార్విస్పైనస్. ఆగ్నేయాసియా వైపు నుంచి వచ్చింది. మన దేశంలో మొదట నమోదైంది 2015లో, బెంగళూరులో, బొప్పాయి మీద. మిర్చి మీద ఈ స్థాయిలో విరుచుకుపడటం మాత్రం ఇదే మొదలు. పైగా అది పువ్వు లోపల దాక్కుంటుంది, మందు దానికి తగలదు. దాని జీవితంలో ఒక దశ మట్టిలో గడుస్తుంది, అక్కడికీ మందు వెళ్లదు. విచ్చలవిడిగా కొట్టే మందులకు దాన్ని తినే మిత్రపురుగులు చచ్చిపోతాయి, అది మాత్రం మళ్లీ పెరుగుతుంది. రెండు వారాలు తిరిగేసరికి కొత్త తరం తయారు.

అంటే మేం రైతుకు చెప్పాల్సిన నిజం ఇదీ: ఒక్క మందుతో పోయేది కాదు, ఎక్కువ కొడితే ఎక్కువవుతుంది. రైతు అడుగుతున్నదేమో మందు పేరు. ఈ రెంటి మధ్యా వార్త రాయాలి.

మామూలుగా మా దగ్గర నోట్ ఎలా తయారయ్యేదో చెబితే ఆ టెన్షన్ అర్థమవుతుంది. శాస్త్రవేత్త ఇంగ్లీషులోనో, గ్రాంథికం కలిసిన తెలుగులోనో రాసిస్తారు. దాన్ని నేను తిరగరాస్తాను. హెక్టారుకు 500 లీటర్ల మందు ద్రావణం అని ఉంటే ఎకరాకు 200 లీటర్లు అని మార్చాలి, ఎందుకంటే మన దగ్గర హెక్టార్లలో ఆలోచించే రైతు లేడు. మళ్లీ ఆ లీటర్లు ట్యాంకుల్లోకి రావాలి, ఆ ట్యాంకేమో ఒకరిది పది లీటర్లది, ఇంకొకరిది ఇరవై లీటర్లది. తరువాత శాస్త్రవేత్త మళ్లీ చూడాలి. ఆపైన విభాగాధిపతి, ఆపైన విస్తరణ (పరిశోధనను రైతుకు చేర్చే విభాగం) సంచాలకుల కార్యాలయం, ముఖ్యమైనదైతే పై దాకా. ఒక్కోచోట ఒక్కో పేరు నోట్‌లో చేరుతుంది, "ఫలానా వారి ఆదేశాల మేరకు", "ఫలానా వారి పర్యవేక్షణలో" అని. విషయం మూడో పేరాకు జారుతుంది. జిల్లా పేజీలో సబ్ ఎడిటర్ నాలుగు లైన్లు కత్తిరించాల్సి వస్తే కింద నుంచే కత్తిరిస్తాడు, నేనూ ఏళ్ల తరబడి అదే చేశాను. మిగిలేది పేర్లు, పోయేది సలహా.

ఫాంట్ల గొడవ ఇంకొకటి. మా ఆఫీసు కంప్యూటర్లలో టైపింగ్ అంతా అను ఫాంట్లలో ఉండేది. ఆ ఫైలు ఫోన్‌లో తెరిస్తే అర్థంకాని గుర్తులు తప్ప తెలుగు కనిపించదు. ప్రింట్ తీసి, సంతకం పెట్టించి, స్కాన్ చేసి పంపితే అవతల విలేకరి దాన్ని మొత్తం మళ్లీ టైపు చేసుకోవాలి. పది నోట్లు వచ్చే రోజు ఆయన దేన్ని వదిలేస్తాడో వేరే చెప్పక్కర్లేదు. సంతకం ఉన్న స్కాన్ కాపీతోపాటు ఏ ఫోన్‌లోనైనా తెలుగు తెలుగులాగే కనిపించే యూనికోడ్‌లో అదే మాటర్‌ను వాట్సాప్‌లో పెట్టడం మొదలుపెట్టాక మా వార్తలు పడటం బాగా పెరిగింది. చిన్న విషయమే. కానీ ఇప్పటికీ ఎన్నో ప్రభుత్వ కార్యాలయాలు వంకరగా ఫొటో తీసిన కాగితాలే పంపుతున్నాయి. దయచేసి ఇది మార్చండి.

మిర్చి నోట్‌కు శాస్త్రవేత్త మొదట ఇచ్చిన వాక్యం "సమగ్ర సస్యరక్షణ చర్యలను సామూహికంగా చేపట్టవలెను" అన్న ధోరణిలో ఉంది. ఆయన తప్పు కాదు, వాళ్లు అలా రాయడానికే అలవాటు పడ్డారు. ఆ రోజు చేలో సార్ చేసిన పనినే నేను మొదటి వాక్యం చేశాను: "మిర్చి పువ్వును తెల్లకాగితం మీద దులిపి చూడండి. నల్లటి సన్నని పురుగులు కదిలితే అది కొత్త తామర పురుగు." తరువాతి వాక్యం: "దీన్ని ఒక్కసారిగా చంపే మందు ఇంకా ఏదీ సిఫారసులో లేదు. రెండు మూడు మందులు కలిపి పదేపదే కొట్టకండి, పురుగు పెరుగుతుంది." ఆ తరువాత చేయాల్సినవి: నీలి రంగు జిగురు అట్టలు పెట్టడం, యూరియా తగ్గించడం, వేపనూనె, బాగా దెబ్బతిన్న మొక్కలను పీకి చేనుకు దూరంగా పూడ్చేయడం. చివర ఏరువాక కేంద్రం ఫోన్, కిసాన్ కాల్ సెంటర్ నంబర్ 1800-180-1551. పేర్లన్నీ ఆఖరి పేరాలో.

అభ్యంతరం రెండో వాక్యం మీద వచ్చింది. "పరిష్కారం లేదని మనమే చాటుకున్నట్టు ఉంటుంది కదమ్మా" అన్నారు ఒక పెద్దాయన. చెడ్డ ఉద్దేశంతో అన్న మాట కాదది. విశ్వవిద్యాలయం మీద నమ్మకం పోతుందని ఆయన భయం. నేను నమ్మింది దానికి పూర్తిగా ఎదురు. మనం ఖాళీ వదిలితే దాన్ని దుకాణం నింపుతుంది, గట్టు మీద డబ్బాల గుట్ట దాని ఫలితమే. తెలిసింది తెలిసినట్టు, తెలియనిది తెలియనట్టు చెప్పే సంస్థను రైతు వచ్చే ఏడాది కూడా నమ్ముతాడు. కీటక శాస్త్రవేత్త నా పక్కన నిలబడ్డారు. "ఈ వాక్యం తీసేస్తే నా పేరు కూడా తీసేయండి" అన్నారు. వాదన సాయంత్రం దాకా సాగింది. చివరికి "ప్రయోగాలు జరుగుతున్నాయి" అనే మాట చేర్చి సంతకం చేశారు. అది నిజమే కాబట్టి నాకు అభ్యంతరం లేకపోయింది.

మర్నాడు చాలా పేపర్లు బాగా వేశాయి. ఒక జిల్లా పేజీలో మాత్రం "మిర్చి పురుగుకు మందు లేదు" అని పెద్ద హెడ్డింగ్ పెట్టారు. లోపల వార్త సరిగ్గానే ఉంది, కానీ హెడ్డింగ్ చూసినవాళ్లు లోపలికి ఎందుకు వెళ్తారు? పొద్దున్నే ఫోన్లు. "అయితే చేను దున్నేయమంటారా?" అని ఒక పెద్దావిడ ఏడుస్తూ అడిగింది. ఖండన ఇద్దామన్నారు మావాళ్లు. నేను వద్దన్నాను. ఖండన ఒక మూలన పడుతుంది, విలేకరి మనసు నొచ్చుకుంటుంది, రైతుకు లాభం ఉండదు. ఆ డెస్క్ ఇంచార్జికి ఫోన్ చేసి, వచ్చిన ఫోన్లలో రైతులు అడిగిన ప్రశ్నలే రాసి, శాస్త్రవేత్త జవాబులతో ప్రశ్నలు-జవాబుల బాక్స్ ఐటెం ఇస్తానన్నాను. ఆయన సంతోషంగా తీసుకున్నాడు, మరుసటి రోజు హెడ్డింగ్ కంటే పెద్దగా వేశాడు. డెస్క్ మీద ఉన్నవాళ్లకు కావాల్సింది పనికొచ్చే మాటర్. అది టైముకు ఇస్తే వాళ్లు మనవాళ్లే.

పేపర్ ఒక్కటే చాలదని తెలుసు. చేలో ఉన్న మనిషికి చేరేది గొంతు. రేడియోలో వ్యవసాయ కార్యక్రమం ఇప్పటికీ వినే ఊళ్లు ఉన్నాయి, అక్కడ శాస్త్రవేత్తతో మాట్లాడించాం. దానికంటే వేగంగా వెళ్లింది ఆయన గొంతుతో చేసిన చిన్న వాయిస్ మెసేజ్. ఒక్కటే షరతు పెట్టాను: మొదట తేదీ చెప్పాలి, తరువాత పేరు, ఊరు, ఆ తరువాతే విషయం. వాట్సాప్‌లో సలహాలకు చావు లేదు. మూడేళ్ల కింద వరికి చెప్పిన మాట ఈ ఏడాది మళ్లీ తిరుగుతుంది, అప్పటికి ఆ మందు నిషేధంలో ఉన్నా సరే. తేదీ వినిపిస్తే కనీసం అనుమానం వస్తుంది. రైతు భరోసా కేంద్రాలు, రైతు వేదికలు, డీలర్ల గ్రూపులు అన్నిటికీ పంపాం. అవును, డీలర్లకు కూడా. దుకాణందారును దొంగలా చూసి లాభం లేదు, రైతు మొదట వెళ్లేది అక్కడికే.

కొద్ది రోజులకు ఫోన్లలో ప్రశ్న మారింది. "మందు ఏది?" తగ్గింది, "అట్టలు ఎంత ఎత్తులో కట్టాలి?" మొదలైంది. పైరు ఎత్తులో, పూతకు దగ్గరగా అని చెప్పాం. ఆ వెంటనే నీలి అట్టలు దొరకడం లేదని ఫోన్లు. ఒక రైతు ప్లాస్టిక్ షీటుకు నీలి రంగు వేసి ఆముదం పూసి కట్టుకున్నాడని విలేకరి ఒకరు ఫొటో పంపాడు. శాస్త్రవేత్తకు చూపించాం, పనిచేస్తుందన్నారు, ఎండకు జిగట పోతే మళ్లీ పూయాలన్నారు. ఆ ఫొటోతోనే రెండో నోట్ పంపాం. నా ఉద్యోగంలో నేను రాసినవాటిలో నాకు ఇష్టమైన వార్త అదే. అందులో విశ్వవిద్యాలయం చెప్పింది సగం, రైతు చెప్పింది సగం.

దీంతో పంట దక్కిందని చెప్పలేను. చాలాచోట్ల అప్పటికే ఆలస్యమైపోయింది. పూత మొత్తం పోయిన చేలను దున్నేసి మొక్కజొన్న వేసుకున్నవాళ్లు ఉన్నారు. మహబూబాబాద్, వరంగల్ వైపు నుంచి మిర్చి రైతుల ఆత్మహత్యల వార్తలు నా క్లిప్పింగ్స్ ఫైల్లోకి వచ్చాయి. వాటిని కత్తిరించి అతికించిన ఉదయాలు మర్చిపోలేను. దిగుబడి పడిపోయి మార్కెట్లో ధర పెరిగింది, అమ్ముకోవడానికి కాయ ఉన్నవాళ్లకే అది అందింది. మేం పది రోజులు ముందు మాట్లాడి ఉంటే కొందరికైనా రెండు మూడు స్ప్రేయింగుల డబ్బు మిగిలేది. ఆ పది రోజులు పోయింది ప్రయోగశాలలో కాదు, ఫైళ్ల మీద.

మరుసటి ఏడాది మేం పురుగు కోసం ఎదురుచూడలేదు. నారుమళ్ల టైముకే నోట్ సిద్ధం చేశాం: నారుకు వల కట్టుకోవడం, నీలి అట్టలు ముందే పెట్టడం, చేను చుట్టూ జొన్నో మొక్కజొన్నో వేయడం. అనుమతి సీజన్ మొదలవకముందే తీసుకుని పెట్టుకున్నాం. పంటల వారీగా రావచ్చనుకున్న సమస్యలకు కూడా అలాగే ముందే సంతకాలు చేయించి, అవసరం పడ్డ రోజు తేదీ వేసి వదిలే పద్ధతి వచ్చింది. ఫొటోల విషయంలో కూడా పట్టుబట్టాను. సలహా వార్తకు పురుగు ఫొటోనో దెబ్బతిన్న పువ్వు ఫొటోనో వెళ్లాలి, వేదిక మీద కూర్చున్నవాళ్లది కాదు. ఇది చెప్పినంత సులువుగా జరగలేదు. కొందరు శాస్త్రవేత్తలు సొంతంగా ఫోన్‌తో మంచి క్లోజప్‌లు తీసి పంపడం మొదలుపెట్టాక మాత్రం ఎవరూ ఆపలేదు.

ఇప్పుడు నేను అక్కడ లేను, కాంట్రాక్టు అయిపోయింది. ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో పౌర సంబంధాల పని చాలాచోట్ల ఒక ప్రొఫెసర్‌కు అదనపు బాధ్యతగా ఉంటుంది. ఆయన పాఠాలు చెప్పుకోవాలి, పరీక్ష పేపర్లు దిద్దుకోవాలి, మధ్యలో ప్రెస్‌కు జవాబు చెప్పాలి. వెళ్లేముందు నేను రాసిచ్చిన ప్రతిపాదనలో అడిగినవి మూడు: ఈ పనికి జర్నలిజం తెలిసిన మనిషితో మంజూరైన పోస్టు ఉండాలి, ప్రతి పరిశోధనా స్థానంలో ఒక శాస్త్రవేత్తకు పై అనుమతి లేకుండా సాంకేతిక విషయాలు ప్రెస్‌తో మాట్లాడే అధికారం ఇవ్వాలి, జిల్లా పేజీలు మూసే టైము దాకా ఆయన ఫోన్ ఎత్తాలి. రెండోది ఒప్పుకున్నారని, సర్క్యులర్ కూడా వచ్చిందని ఆ కీటక శాస్త్రవేత్త ఈ మధ్య ఫోన్ చేసి చెప్పారు. మొదటిదాని కోసం ఆయన ఇంకా అడుగుతూనే ఉన్నారు.